మేఘాధిపతి ఎవరు?



ప్రతిదినం ప్రదోషపూజ ముగిసి మంత్రపుష్పం సమర్పించిన పిమ్మట, పర్జన్యుడు సకాలంలో వర్షించాలనీ భూమి సస్యసమృద్ధం కావాలనీ స్వస్తివచనం పలకడం మన సంప్రదాయం. నందికొట్కూరులోని ఒక శివాలయంలో ముప్పది ఏళ్ళకు పైగా అర్చకత్వం నిర్వహిస్తున్న నేను ఆ ప్రార్థన ఎన్ని వేల పర్యాయాలు చేశానో లెక్క లేదు. పలికిన మాటకు పలికినవాడు బాధ్యుడనే సంగతి మాత్రం 2023 నిజ శ్రావణ మాసంలో గాని నాకు బోధపడలేదు.

ఆ సంవత్సరం మార్చి 22, బుధవారం నాడు శోభకృత్ నామ సంవత్సర ఉగాది. సాయంకాలం ఆలయ మంటపంలో పంచాంగ శ్రవణం. ఉగాది ఏ వారమైతే ఆ వారాధిపతి సంవత్సరానికి రాజు. కనుక బుధుడు రాజు. సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ప్రవేశించే వారానికి అధిపతి మేఘాధిపతి. ఆ ఏట ఆర్ద్రాప్రవేశం జూన్ 22, గురువారం. కనుక మేఘాధిపతి గురుడు, శుభగ్రహం. ఫలశ్రుతి సువృష్టి, సుభిక్షం. నేను సుస్వరంగా చదివాను. పెద్దలు తలలూపారు. నూతన వస్త్రం, తాంబూలం, సంభావన అందుకొని ఇంటికి వెళ్ళాను.

మంటపం చివరి స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఒక కౌలు రైతు కూడా ఆ ఫలశ్రుతిని విన్నాడు.

జూలైలో పడిన వానలకు మా ప్రాంతపు నల్లరేగడిలో పత్తి, మొక్కజొన్న విత్తారు. ఆ తరువాత ఆగస్టు నెల అంతా ఎండిపోయింది. 1901 నుండి ఉన్న లెక్కలలో దేశం మొత్తం మీద అంత వర్షాభావం గల ఆగస్టు మరొకటి లేదని వాతావరణ శాఖ తరువాత ప్రకటించింది. సాధారణం కంటె 36 శాతం లోటు. నేల నెర్రెలు విచ్చింది. గ్రామస్థులు కోరగా వరుణజపం చేశాము, స్వామికి సహస్రఘటాభిషేకం చేశాము. స్త్రీలు బిందెలు మోసి తెచ్చిన నీరు గర్భగృహపు సోమసూత్రం గుండా బయటికి పారుతుండగా ఆ రైతు దాని ప్రక్కన నిలబడి చూస్తున్నాడు. తీర్థం ఇస్తుండగా మెల్లగా అన్నాడు: "సామీ, గురుడు మేగాదిపతి, వానలకు కొదవ లేదని సదివితిరి గదా. ఆ మాట ఇని ఇంగో రెండెకరాలు కౌలుకు పట్టినా."

ఆ మాటలో నింద లేదు. నింద ఉంటే నాకు సులభంగా ఉండేది.

ప్రక్కనున్న పెద్దమనిషి ఒకరు, "అతని ప్రారబ్ధం, దానికి మీరేం చేస్తారు స్వామీ!" అన్నారు. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారు. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కర్మసిద్ధాంతం మనిషి తన్ను తాను పరీక్షించుకొనడానికి పూర్వులు ఇచ్చిన దీపం. దానిని ఎదుటివాని దుఃఖం మీదికి త్రిప్పి, మన వంతు బాధ్యతను చీకటిలో దాచుకొనడానికి ఇచ్చినది కాదు. ఆ రెండెకరాల కౌలుకు కారణాలలో నా వాక్కు ఒకటి. ఆ మాటను నేను దేనిని ప్రమాణంగా పెట్టుకొని పలికాను?

ఈ ప్రశ్న అడుగదగినవారు నాకు మా ఇంట్లోనే ఉన్నారు.

అమ్మాయి చదువు

నేను ఎనిమిదవ ఏట ఉపనయనమై వేదపాఠశాలలో చేరినవాణ్ణి. కృష్ణయజుర్వేదం, స్మార్తం, పిదప ఒక గురువుగారి సన్నిధిలో రెండేళ్ళు తర్కశాస్త్రం. మన తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం అప్పుడు నేర్చినదే. ఇంగ్లీషు చదువు నాకు లేదు. మా అమ్మాయి కర్నూలులో డిగ్రీ ముగించి, విశాఖపట్టణంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు వాతావరణ, సముద్ర విజ్ఞాన శాఖలో ఎం.ఎస్సీ. చదువుతానన్నప్పుడు నేను వెంటనే సమ్మతించలేదు. దూరం ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం పైకి చెప్పలేదు: గాలినీ వాననూ గణితంతో కొలిచే విద్య నేర్చినవారికి, వరుణజపం చేసే తండ్రి ఎలా కనబడతాడు?

ఆమె వెళ్ళింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు డెబ్బది ఏళ్ళు దాటిన పరంపర ఉన్నదని ఆమె చెప్పగా తెలిసింది. 1950ల దశకంలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచాడట. ఆచార్య వి.పి. సుబ్రహ్మణ్యం గారు అదే దశకంలో భారతదేశపు జలసమతుల్యాన్ని లెక్కకట్టారట. ఆకాశం ఎంత ఇస్తున్నది, ఎండ ఎంత తిరిగి తీసుకుంటున్నది, నేలలో ఎంత మిగులుతున్నది అనే ఆయవ్యయ పట్టిక అది. మా రాయలసీమ రైతు బ్రతుకంతా ఆ పట్టికలోనే ఉన్నదని నాకు అనిపించింది.

2023 దసరా సెలవులకు ఆమె ఇంటికి వచ్చింది. జరిగినదంతా చెప్పి, "అమ్మా, మీ విద్యలో దీనికి సమాధానం ఉన్నదా?" అని అడిగాను.

"మీరు అడుగుతున్నది ఒక ప్రశ్న కాదు నాన్నగారూ, మూడు" అన్నది. "ఈ ఆగస్టులో వాన ఎందుకు పడలేదు అన్నది ఒకటి. ముందుగా తెలుసుకొనడం సాధ్యమేనా అన్నది రెండు. ఇకమీదట కూడా ఇలాగే ఉంటుందా అన్నది మూడు. మూడింటికీ సమాధానాలు వేరు. ఒక్కొక్క సమాధానం మీద మాకు ఉన్న నమ్మకం కూడా వేరు."

ఆ విభాగమే నన్ను ఆకట్టుకున్నది. పదార్థాలను కలిపివేయకుండా విడదీసి చూడడమే గదా తర్కంలో మొదటి పాఠం.

చాంచల్యమూ పరిణామమూ

ముందు ఆమె రెండు మాటల భేదం చెప్పింది. శీతోష్ణస్థితి ఏటేటా ఊగిసలాడుతుంది, అది చాంచల్యం. ఆ ఊగిసలాటకు ఆధారమైన సగటే మెల్లగా స్థానం మారితే అది పరిణామం. సగటు అన్నది ఒకటి రెండేళ్ళతో తేలేది కాదు. కనీసం ముప్పది ఏళ్ళ లెక్క కావాలని ప్రపంచ వాతావరణ సంస్థ నియమం. దేశం మొత్తం మీద నైరుతి ఋతుపవన వర్షం 1971 నుండి 2020 వరకు సగటున 87 సెంటీమీటర్లు. ఏ ఏడూ సరిగ్గా 87 పడదు. అందులో పదోవంతు అటూ ఇటూ కావడం దాని స్వభావం. మన సీమలో ఆ ఊపు ఇంకా ఎక్కువ.

ఇది నాకు అయనాంశ రూపంలో అర్థమయింది. మకర సంక్రమణం నాడు ఉత్తరాయణ పుణ్యకాలమని సంకల్పం చెబుతాము. కాని సూర్యుడు నిజంగా ఉత్తరానికి మరలేది డిసెంబరు 22 ప్రాంతంలో. ఒకప్పుడు కలిసి ఉన్న ఆ రెండూ, ఏటికి సుమారు 50 వికలల చొప్పున, 72 ఏళ్ళకు ఒక భాగ చొప్పున విడిపోతూ వచ్చాయి. ఇప్పుడు అయనాంశ 24 భాగలు దాటింది. ఒక మనిషి జీవితంలో అది కంటికి కనబడదు. వరాహమిహిరుని కాలం నుండి లెక్కిస్తే మాత్రం కార్తెలు ఋతువులకంటె సుమారు మూడు వారాలు వెనుకబడ్డాయి. పగలూ రేయీ, ఎండా చలీ ఎంతగా మారుతున్నా, వాటి అడుగున అయనచలనం మౌనంగా సాగుతూనే ఉంటుంది. చాంచల్యం కంటికి తెలుస్తుంది; పరిణామాన్ని లెక్క మాత్రమే పట్టుకోగలదు. సాంఖ్యులు ప్రకృతిని పరిణామి నిత్యమన్నారు: నిరంతరం మారుతూనే కొనసాగేది. మారడం ప్రకృతికి దోషం కాదు. ఏ మార్పు ఊగిసలాట, ఏ మార్పు ప్రవాహం అని తెలుసుకొనకపోవడం మన దోషం.

మొదటి ప్రశ్న: వాన ఎందుకు తప్పింది?

నైయాయికులు అనుమానాన్ని వివరించేటప్పుడు వానను, నదినే ఉదాహరణలుగా తీసుకున్నారని శాస్త్రం చదివినవారికి తెలుసు. మబ్బు కమ్మడం చూసి వాన వస్తుందని ఊహించడం పూర్వవత్. నది ఉప్పొంగి బురదనీరు పారడం చూసి ఎగువన వాన కురిసిందని ఊహించడం శేషవత్. మా అమ్మాయి చదివేది ఈ పూర్వవత్ అనుమానమే; కాకపోతే వారి మబ్బు ఇక్కడిది కాదు, పసిఫిక్ మహాసముద్రానిది.

పసిఫిక్ మధ్య, తూర్పు భాగాలలో నీరు వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు. అది వచ్చిన ఏడు మన ఋతుపవనం బలహీనపడే అవకాశం ఎక్కువ. ఈ సంబంధానికి పునాది మన దేశంలోనే పడింది. 19వ శతాబ్ది చివరి ఘోర క్షామాల తరువాత, 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ అనే గణితజ్ఞుడు, ఋతుపవనాన్ని ముందుగా తెలుసుకొనే ప్రయత్నంలో, పసిఫిక్ మీదా హిందూ మహాసముద్రం మీదా వాయుపీడనం త్రాసు తక్కెడల వలె ఊగుతున్నదని కనుగొన్నాడు.

"అయితే వ్యాప్తి దొరికినట్లే గదా?" అన్నాను. ఎక్కడ పొగ ఉన్నదో అక్కడ నిప్పు ఉన్నట్లు, ఎల్ నినో ఉన్న ఏట కరవు ఉండాలి.

"లేదు నాన్నగారూ. 1997లో వచ్చిన ఎల్ నినో ఆ శతాబ్దపు అత్యంత బలమైన వాటిలో ఒకటి. ఆ ఏట దేశంలో సగటుకు మించి 102 శాతం వాన కురిసింది. 2002లో వచ్చినది మధ్యస్థం. వాన 81 శాతానికి పడిపోయింది."

తర్కపరిభాషలో దీనిని వ్యభిచారమంటారు. హేతువు ఉన్నచోట సాధ్యం తప్పిపోవడం. అలా తప్పినప్పుడు వెదకవలసినది ఉపాధిని. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగకు తడి కట్టె కూడా కావాలి. ఆ తడి కట్టె ఏది అని అడిగాను. హిందూ మహాసముద్రంలోనే పడమటి భాగం వెచ్చబడి తూర్పు భాగం చల్లబడే మరొక ఊగిసలాట ఉన్నదట; 1999లో భారతీయ, జపాన్ శాస్త్రజ్ఞులు దానికి ద్విధ్రువమని పేరు పెట్టారు. 1997లో అది ప్రబలంగా ఉండి ఋతుపవనాన్ని ఆదుకున్నది. అదే 1999లో పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన కె. కృష్ణకుమార్ గారు సహ పరిశోధకులతో కలిసి, ఎల్ నినోకూ మన వానకూ ఉన్న సంబంధం దశాబ్దాలుగా సడలుతున్నదని చూపారు.

ఉపాధి దొరికినప్పుడు శాస్త్రం ఓడిపోదు, సూక్ష్మమవుతుంది. ఇది మా గురువుగారు చెప్పిన మాట. మా అమ్మాయి ఆయనను చూడలేదు. అయినా అదే మాట ఆమె నోట విన్నాను.

2023లో ఎల్ నినో వచ్చింది. ద్విధ్రువం సాయం ఆలస్యమయింది. అదీ ఆగస్టు కథ.

రెండవ ప్రశ్న: ముందుగా తెలుస్తుందా?

ఆ ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఋతుపవన వర్షం 96 శాతం ఉంటుందనీ, అయిదు శాతం అటూ ఇటూ కావచ్చుననీ చెప్పింది. ఋతువు ముగిసేసరికి పడినది 94 శాతం. అంటే వారి మాట తప్పలేదు. కాని నెలల వారీగా చూస్తే జూలై 113 శాతం, ఆగస్టు 64, సెప్టెంబరు 113. జూలై వాన విత్తించింది. ఆగస్టు ఎండ మాడ్చింది. సెప్టెంబరు వాన సగటును సరిచేసింది. చచ్చిన మొక్కను బ్రతికించలేదు.

వేదాంతంలో సమష్టి, వ్యష్టి అని వింగడిస్తాము. దేశం సమష్టి, ఆ రైతు చేను వ్యష్టి. సమష్టికి సంబంధించిన సత్యాన్ని వ్యష్టికి అన్వయించడానికి మధ్యలో ఇంకా చాలా మెట్లు కావాలి. నెలల ముందే ఒక చేనులో ఏ పక్షాన వాన పడుతుందో చెప్పగల శక్తి తమ విద్యకు లేదని మా అమ్మాయి నిస్సంకోచంగా చెప్పింది. ఇన్ని ఉపగ్రహాలు, ఇన్ని గణకయంత్రాలు ఉన్న విద్య తన హద్దును చెప్పుకుంటున్నది. గురువారం ఆర్ద్రాప్రవేశమైనదన్న ఒక్క ఆధారంతో నేను మాత్రం హద్దు లేకుండా చదివాను.

ఇక్కడ పంచాంగం గురించి ఒక మాట స్పష్టం చేయాలి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనేవే పంచాంగాలు. ఇవి గణితసిద్ధాలు, గ్రహణం చెప్పిన వేళకు పట్టడం అందరూ కళ్ళారా చూచేదే. నవనాయక వర్షఫలం ఆ అయిదింటిలో చేరినది కాదు. గణితానికి ఉన్న గౌరవాన్ని ఫలశ్రుతి అరువు తెచ్చుకున్నది. ఆ అరువు ఇప్పించినవారిలో నేనూ ఒకణ్ణి.

మన పూర్వులు ఇంతటితో తృప్తిపడినవారు కారు. బృహత్సంహితలో వరాహమిహిరుడు వర్షం గురించి ప్రత్యేకంగా అధ్యాయాలు వ్రాశాడు. మేఘం గర్భం దాల్చిన 195 దినాలకు వర్షిస్తుందన్న ఆయన లెక్క ఈనాటి పరీక్షకు నిలువకపోవచ్చు. కాని దైవజ్ఞుడు రేయింబవళ్ళు ఆకాశాన్ని గమనించాలన్నాడు. హస్తప్రమాణపు పాత్ర పెట్టి పడిన వానను ఆఢకాలలో కొలవమన్నాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అవంతికి ఎంత, అశ్మకానికి ఎంత అని ప్రాంతాల వారీగా వర్షప్రమాణం చెప్పి, దానిని బట్టి విత్తించమన్నాడు. మా పంచాంగాలలో 'ఆఢకాలు' అన్న మాట మిగిలింది. పాత్ర పోయింది.

మూడవ ప్రశ్న: ఇకమీదట?

"అయితే ఈ ఆగస్టు కరవు భూతాపం వల్ల వచ్చినదేనా?" అని అడిగాను. ఔనంటుందని అనుకున్నాను.

"ఒక్క ఆగస్టును చూపి అలా అనలేము నాన్నగారూ. దానిలో చాంచల్యం పాలు చాలా ఉన్నది. కాని అడుగున సగటు కదులుతున్నదని మాత్రం సందేహం లేకుండా చెప్పగలము."

2020లో భారత ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ వెలువరించిన సమీక్ష ప్రకారం 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం 1951 నుండి 2015 వరకు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. అదే కాలంలో ఋతుపవన వర్షం సుమారు ఆరు శాతం తగ్గింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. కనుక విడిచినప్పుడు ఒక్కసారిగా కుమ్మరించే స్వభావం పెరుగుతుంది.

అదేమిటో మా ప్రాంతం 2009లో చూసింది. ఆ ఏట దేశంలో కురిసినది 78 శాతమే, కరవు సంవత్సరం. అయినా అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలం జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు కాగా నీరు 896 అడుగులు దాటింది. ఒకే ఏట కరవూ ప్రళయమూ. ఆ ఒక్క వరదను కూడా మార్పుకు సాక్ష్యంగా వాడవద్దని మా అమ్మాయి హెచ్చరించింది. అటువంటివి తరచు అవుతున్నాయా అన్నదే అడుగవలసిన ప్రశ్న.

మా ఊళ్ళో సూర్యనారాయణస్వామికి ప్రాచీనాలయం ఉన్నది. ఆదిత్యుని వలన వృష్టి అని స్మృతివచనం. అందుచేత సహజంగా అడిగాను: "వేడెక్కిస్తున్నది సూర్యుడే ఎందుకు కాకూడదు?" ఆమె ఇచ్చిన సమాధానం ఏ నైయాయికుడైనా మెచ్చదగినది. సూర్యుడే కారణమైతే వాయుమండలం పైనుండి క్రిందిదాకా వేడెక్కాలి. మనం కాల్చే బొగ్గు, నూనెల వలన పుట్టే వాయువు కారణమైతే, అది కంబళి వలె వేడిని క్రింద పట్టి ఉంచుతుంది గనుక క్రింది పొర వేడెక్కి పై పొర చల్లబడాలి. కొలిచి చూడగా పై పొర చల్లబడుతున్నది. 1967లోనే స్యుకురో మనాబే తన సహచరునితో కలిసి లెక్కవేసి ఇది ఇలా ఉంటుందని చెప్పాడు. 2021లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. రెండు కారణాలలో ఒకదానికే చెందిన లింగాన్ని వెదకి పట్టుకొనడం ఇదే. ఆ బొగ్గుపులుసు వాయువు 1958లో గాలిలో పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళు. ఇప్పుడు 420 దాటింది.

అయనచలనానికి కర్త మనిషి కాదు. ఈ చలనానికి మనిషి కర్త. యజ్ఞం వలన పర్జన్యం, పర్జన్యం వలన అన్నం అని గీతాచార్యుడు చెప్పిన చక్రంలో మానవ కర్మకు స్థానం ఉన్నదని మనం ఎప్పుడూ చెబుతూనే ఉన్నాము. మనం కాల్చినది కూడా ఆ చక్రంలో పడుతుందని ఆలోచించలేదు. ఇందులో నన్ను బాధించేది ఫలం పంచబడే తీరు. కాల్చినవాడు ఒకడు, ఎండినది మరొకని చేను. ఎద్దులతో దున్నే ఆ కౌలు రైతు కాల్చిన బొగ్గు ఎంత? 'ప్రారబ్ధం' అనే ముందు ఈ లెక్క చూడాలి.

సంగమేశ్వరంలో

ఆ ఏట శ్రీశైలం జలాశయం నిండలేదు. 2024 ఫాల్గుణంలో మా అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరమూ సంగమేశ్వరం వెళ్ళాము. సప్తనదీ సంగమమని ప్రసిద్ధి, వేపదారు శివలింగం. జలాశయం వచ్చిన నాటి నుండి ఏటా ఎక్కువ నెలలు స్వామి నీటిలోనే ఉంటాడు. నీరు తగ్గినప్పుడు దర్శనమిస్తాడు. నా బాల్యంలో ఆ ప్రాంతపు గ్రామాలు ఖాళీ కావడం నాకు గుర్తున్నది.

గోడల మీది నీటి చారలు చూపిస్తూ ఆమెకు ఒక శాస్త్ర ప్రసంగం చెప్పాను. శేషవత్ అనుమానం మీద న్యాయశాస్త్రంలోనే ఒక ఆక్షేపణ ఉన్నది: నది పొంగడం చూసి ఎగువన వాన అంటారు గదా, దిగువన ఎవరో అడ్డుకట్ట వేసినా పొంగవచ్చును గదా? దానికి సమాధానం, వాన వలన వచ్చిన పొంగు వేరు, అడ్డుకట్ట వలన వచ్చిన పొంగు వేరు, వేగాన్నీ బురదనూ నురుగునూ చూసి భేదం గుర్తించాలని. చదువుకున్ననాడు ఇది ఊహాప్రసంగమనుకున్నాను. సంగమేశ్వరంలో అది ప్రత్యక్షం. ఇక్కడ నీరు పెరిగేది ఎగువ పడమటి కనుమల వాన వల్లనూ, దిగువ శ్రీశైలం ఆనకట్ట వల్లనూ. ప్రకృతి చేసినదీ, మనిషి చేసినదీ ఒకే గోడ మీద ఒకే చార వ్రాస్తాయి. విడదీయడమే విద్య.

"మా పరిశోధనలన్నీ ఇదే పని నాన్నగారూ" అన్నది మా అమ్మాయి. నీరు వదలిన ఆ మట్టిలో నిలబడి స్వామికి నమస్కరించింది. ఆమె చదువు ఆమెను నా నుండి దూరం చేస్తుందని భయపడిన రోజులు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను.

మరుసటి ఉగాది

2024 ఏప్రిల్ 9, మంగళవారం, క్రోధి నామ సంవత్సరం. రాజు కుజుడు, మంత్రి శని. ఫలశ్రుతి భయావహంగా ఉన్నది. చదివాను, సంప్రదాయాన్ని విడువలేదు. చదివిన తరువాత పుస్తకం మూసి, కొన్ని మాటలు చెప్పాను. "ఇది మన పెద్దలు అందించిన ఫలశ్రుతి. దీనిని విని ఎవరూ కౌలు పెంచవద్దు, తగ్గించవద్దు. వారాన్ని బట్టి వానను చెప్పగల ప్రమాణం నా దగ్గర లేదు. నిరుడు ఉన్నట్లు చదివాను; అది నా అపరాధం. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాలలో ఇచ్చే వ్యవసాయ సలహా వినండి. 1906 నుండి మన నేలల మీద పని చేస్తున్న నంద్యాల పరిశోధనా స్థానాన్ని అడగండి. నేల లోతుగా తడిసినదాకా విత్తనం వేయవద్దు."

మంటపం నిశ్శబ్దమయింది. ఒక పెద్దాయన, "పంచాంగం మీద అర్చకునికే నమ్మకం లేకపోతే ఇక మాకెక్కడిది?" అని లేచి వెళ్ళిపోయారు. ఆయన ఈనాటికీ నాతో ముభావంగానే ఉన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. నమ్మకం ఒక చోట సడలితే అంతటా సడలుతుందని ఆయన భయం. తెలియనిదాన్ని తెలిసినట్లు పలికితేనే నమ్మకం సడలుతుందని నా అనుభవం.

చివరి స్తంభం దగ్గర ఆ రోజు ఎవరూ లేరు. ఆ రైతు అప్పు తీర్చడానికి కుటుంబంతో మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్ళాడు. వైశాఖంలో తిరిగి వచ్చి, "ఈ ఏడు ఏమి సదివినారు సామీ?" అని అడిగాడు. జరిగినది చెప్పాను. కాసేపు ఊరకుండి, "నిరుడే ఈ మాట సెప్పింటే బాగుండు" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కుజుడు రాజుగా, శని మంత్రిగా ఉన్న ఆ ఏట దేశంలో 108 శాతం వాన కురిసింది. జూలై చివరికే శ్రీశైలం గేట్లు ఎత్తారు, సంగమేశ్వరుడు మునిగాడు. దీనివలన నా మాట గెలిచిందని నేను అనుకోను. ఒక్క ఏడు దేనినీ నిరూపించదని మా అమ్మాయి నేర్పింది గదా.

వరుణజపం మానలేదు. ప్రార్థన వానకు వేసే ఆజ్ఞ కాదు. అందరి ఆకలిని నా ఆకలిగా స్మరించుకొనే సంకల్పం. సంకల్పం చెప్పినవాడు చేయవలసిన కర్మ ఒకటి ఉంటుంది. అందుకని ఆలయ ప్రాంగణంలో, చెట్టు నీడ పడని చోట, మా అమ్మాయి పంపిన వర్షమాపకం ఒకటి నాటాను. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు, వాతావరణ శాఖవారు కొలిచే వేళకే, కొలిచి పుస్తకంలో వ్రాస్తున్నాను. పడని రోజు సున్న వ్రాస్తాను. ద్వారం దగ్గర తిథి, వార, నక్షత్రాలు వ్రాసే నల్లబల్ల మీద క్రింది వరుసలో నిన్నటి వాన ఎంతో వ్రాస్తాను. రైతులు ఆగి చదువుతున్నారు.

సగటు తేలాలంటే ముప్పది ఏళ్ళు కావాలి. అప్పటికి ఈ శరీరం ఉంటుందో లేదో. పుస్తకం ఉంటే చాలు. తరువాతి అర్చకుడు కొనసాగిస్తాడు.

స్వస్తి.